కవరు మీది రెండు ముక్కలు: కృతజ్ఞత ఎప్పుడు ఆరాధన అవుతుంది?

ఆదివారం ఆరాధన ముగిసి జనం మెట్లు దిగుతుంటే, నేనూ ఇంకో ఇద్దరు సంఘపెద్దలూ పక్కగదిలో కూర్చుని కానుకల సంచిని బల్ల మీద కుమ్మరిస్తాం. విశాఖ పాతనగరంలో మాది చిన్న క్రైస్తవ సంఘం. కిటికీ తీస్తే హార్బరు మీదుగా ఉప్పుగాలీ డీజిలు వాసనా కలిసి వస్తాయి. లెక్క చూసే పని పద్నాలుగేళ్లుగా నాదే. చిల్లర ఒకవైపు, నోట్లు ఒకవైపు, కృతజ్ఞత కవర్లు విడిగా. ఆ కవరు మీద పేరు, మొత్తం, విషయం అని మూడు గీతలు అచ్చువేసి ఉంటాయి. మొత్తం చూడడానికి క్షణం చాలు. విషయం దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోతుంది. ‘అమ్మాయికి సుఖప్రసవం.’ ‘కేజీహెచ్ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాం.’ ‘వల పోయింది, మనుషులు వచ్చారు.’ ఈ మూడో కవరులో ఒకటే ఇరవై రూపాయల నోటు, నాలుగు మడతలు పెట్టి, తడిసి ఆరినట్టు బిరుసుగా ఉంది.

ఒకసారి యువజన కూడికలో డిగ్రీ చదివే అబ్బాయి నన్ను నిలదీశాడు. ‘‘అంకుల్, నాన్నకు ఆరు నెలలుగా పని లేదు. నా లోపల కృతజ్ఞత అనేదే లేదు. లేనిదాన్ని గొంతెత్తి పాడితే దేవుడి ముందు నటించినట్టు కాదా?’’ అప్పుడు నేను చెప్పిన జవాబు అతనికి చాలలేదు, నాకూ చాలలేదు. ఆ తర్వాత చాలాకాలం ఆ ప్రశ్నను పక్కన పెట్టుకునే బైబిలు చదివాను. చిక్కు మొదట పడింది మాట దగ్గరే అని మెల్లగా తెలిసింది.

కృతజ్ఞత అంటే మనం మనసు పొంగడం అనుకుంటాం. మాట విప్పి చూస్తే అలా లేదు. కృతం అంటే చేసినది, జ్ఞ అంటే ఎరిగినది. తనకు జరిగిన మేలును ఎరిగి ఉండడమే కృతజ్ఞత. దానికి ఎదురుమాట కృతఘ్నత, జరిగిన మేలును చంపేయడం. మా అమ్మమ్మ తరంవాళ్లు ఎవరైనా సాయం చేస్తే ధన్యవాదాలు అనేవారు కాదు. ‘నీ మేలు మరచిపోను నాయనా’ అనేవారు, లేదా ‘నీ కడుపు చల్లగా ఉండాలి’ అని దీవించేవారు. మరవకపోవడమే వాళ్ల లెక్కలో కృతజ్ఞత. 103వ కీర్తన కూడా ప్రాణాన్ని పిలిచి అదే చెబుతుంది: ‘ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము.’ సంతోషించమని ఆజ్ఞాపించడం కష్టం. మరచిపోవద్దని చెప్పవచ్చు.

హీబ్రూలో కృతజ్ఞతకు వాడే మాట తోదా. దీని లోతు నాకు యెహోషువ గ్రంథం 7వ అధ్యాయంలో తగిలింది. ఆకాను అనేవాడు యుద్ధంలో దొరికిన దోపుడు సొమ్ము దాచాడు, దొరికిపోయాడు. ఇశ్రాయేలు నాయకుడైన యెహోషువ అతన్ని, ‘నా కుమారుడా’ అని పిలిచి, దేవునికి మహిమ చెల్లించి ఆయన ఎదుట ఒప్పుకోమంటాడు. మన తెలుగు బైబిలులో అక్కడ ‘ఒప్పుకొని’ అని ఉన్నచోట హీబ్రూ మూలంలో ఉన్నది తోదాయే. 100వ కీర్తన శీర్షికలో ‘కృతజ్ఞతార్పణ’ అని మనం చదువుకునేదీ అదే మాట. నేరం ఒప్పుకోవడానికీ మేలు ఒప్పుకోవడానికీ ఆ భాష ఒకే మాట వాడింది. రెండు చోట్లా మనిషి చేస్తున్నది ఒకటే: జరిగినదాన్ని దాచకుండా, ఎవరికి చెందవలసినది వారికి చెందేలా, పైకి చెప్పడం. కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక అనే లేఖ 13వ అధ్యాయంలో స్తుతియాగానికి అర్థం చెబుతూ ‘ఆయన నామమును ఒప్పుకొనుచు, జిహ్వాఫలము’ అర్పించడం అంటుంది. ఒప్పుకోలు, నాలుక. రెండూ అక్కడే ఉన్నాయి.

ఇది పట్టుకుంటే ఆ అబ్బాయి ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. సాక్షి బోనులో నిలబడినవాడిని నీకు ఎలా అనిపిస్తోంది అని ఎవరూ అడగరు. చెప్పేది నిజమా కాదా అనే చూస్తారు. పని లేని తండ్రి ఉన్న ఇంట్లో కుర్రవాడు ‘ఈ వారం పక్కింటివాళ్లు బియ్యం పంపారు, స్తోత్రం’ అంటే మనసు బరువుగా ఉన్నా ఆ మాట అబద్ధం కాదు. ‘నా మనసు సంతోషంతో పొంగిపోతోంది’ అంటే మాత్రం నటనే. మన పాటలు, ప్రార్థనలు రెండోదాన్ని ఎక్కువగా చెప్పిస్తున్నాయి అన్నది నా ఫిర్యాదు. అతని అనుమానం నిజానికి న్యాయమైనది.

తోదా మాటతో అయిపోయేది కాదు, దానికి పొయ్యి కావాలి. లేవీయకాండము 7వ అధ్యాయంలో కృతజ్ఞతాబలి వివరం ఉంది. నూనె కలిపిన పొంగని రొట్టెలు, పలచని అప్పడాల్లాంటివి, నూనెలో నానిన పిండితో చేసినవి, వాటితోపాటు పులిసిన రొట్టెలు. తర్వాతి యూదు సంప్రదాయం వీటిని రకానికి పది చొప్పున నలభైగా లెక్కకట్టింది. రకానికొకటి చొప్పున నాలుగు యాజకుడికి పోతే, మిగిలిన ముప్పై ఆరూ తెచ్చినవాడివే. మాంసం కూడా ఎక్కువ భాగం అతనిదే. షరతు ఒక్కటి: అర్పించిన రోజే తినేయాలి, మర్నాటికి ఏమీ మిగలకూడదు. మామూలు సమాధానబలికి, మొక్కుబడికి రెండో రోజు దాకా గడువు ఉంది. దీనికి లేదు. ముప్పై ఆరు రొట్టెలు, ఒక జంతువు మాంసం, ఒకే రోజు. ఒక్క కుటుంబం వల్ల అవుతుందా? జనాన్ని పిలవక తప్పదు. పిలిచినవాళ్లు ఏమిటి విశేషం అని అడుగుతారు. చెప్పక తప్పదు. కొందరు యూదు వ్యాఖ్యాతలు ఈ నియమం ఉద్దేశమే అది అన్నారు, నాకు అది పూర్తిగా సమంజసంగా తోస్తుంది. ఉపకారం పొందినవాడు ఒంటరిగా కూర్చుని మురిసిపోకుండా, ఇల్లు తెరిచేలా చేసిన ఏర్పాటు అది.

మా వైపు కృతజ్ఞతా కూడిక అంటే ఇదే కదా. సాయంత్రం వీధిలో షామియానా, అద్దె కుర్చీలు, గోడకు ఆనించిన హార్మోనియం. పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పాక ఇంటి పెద్ద లేచి జరిగింది చెబుతాడు. కిందటి ఏడు పెదజాలరిపేటలో వెళ్లిన కూడికలో ఇంటాయన మాటలు రాక రెండు నిమిషాలు నిలబడిపోయాడు. ఆయన భార్య కూర్చున్నచోటు నుంచే, ‘‘ఇంజిను ఆగిపోయి రెండు రాత్రులు తేలారు. కాకినాడ బోటువాళ్లు చూసి తాడు వేశారు’’ అంది. అంతే సాక్ష్యం. తర్వాత కోడికూర అన్నం. ఆఖరి గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆవిడ వడ్డిస్తూనే ఉంది, దారిన పోయే ఆటోడ్రైవరును కూడా కేకేసి కూర్చోబెట్టింది. లేవీయకాండము ఆవిడ ఎప్పుడైనా చదివిందో లేదో నాకు తెలియదు.

సముద్రం ఒడ్డున బతికేవాళ్లకు 107వ కీర్తన దగ్గరగా అనిపించడం సహజం. అందులో కృతజ్ఞత చెల్లించవలసినవాళ్లు నాలుగు గుంపులుగా వస్తారు: ఎడారిలో దారి తప్పినవారు, చెరలో పడినవారు, రోగంతో మరణద్వారాల దాకా వెళ్లినవారు, ఓడలెక్కి తుఫానుకు చిక్కినవారు. నాలుగో గుంపు మత్తెక్కినవాళ్లలా తూలిపోయి, ఏమీ తోచక మొరపెట్టారని ఉంది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధం ముగిసి జూన్ మధ్యలో బోట్లు బయలుదేరేటప్పుడు మా సంఘంలో చదివేది ఈ కీర్తనే. ఈ నలుగురూ పదిమంది ఎదుట కృతజ్ఞత చెప్పాలని యూదుల ధర్మచర్చల గ్రంథమైన తల్మూదు అంటుంది. పదిమందిలో చెప్పడం అన్నది మన భాషలోనూ ఉన్న మాటే.

పదిమంది అంటే ఇంకో సంగతి గుర్తొస్తుంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ అనే పండితుడి సాయంతో డెగ్రాంజ్ ఇక్కడ తెలుగు చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. అప్పటికి ఆ ఇద్దరు మిషనరీలూ చనిపోయారు. లూకా 17వ అధ్యాయంలోని పదిమంది కుష్ఠరోగుల కథ తెలుగు అచ్చులోకి వెళ్లిన దారి ఈ ఊరి నుంచే అన్నమాట. ఆ కథలో పదిమందీ బాగయ్యారు. యేసు చెప్పినట్టే పదిమందీ యాజకుల దగ్గరికి నడిచారు, అవిధేయులు ఎవరూ లేరు. ఒక్కడు, అదీ యూదులు పరాయివాడిగా చూసే సమరయుడు, గొప్ప శబ్దంతో దేవుణ్ణి మహిమపరుస్తూ వెనక్కి వచ్చాడు. ‘ఆ తొమ్మండుగురు ఎక్కడ?’ అన్న ప్రశ్నలో నాకు కోపం కన్నా వెలితి వినిపిస్తుంది. తొమ్మిదిమందికి ఆరోగ్యం దొరికింది. ఇచ్చినవాడి ముఖం మళ్లీ చూసింది ఒక్కడే. స్వస్థత కృతజ్ఞత మీద ఆధారపడలేదని కూడా ఈ కథ చెబుతుంది, తొమ్మిదిమంది దగ్గరి నుంచి దాన్ని ఎవరూ వెనక్కి లాక్కోలేదు.

ఇక స్తుతికీ కృతజ్ఞతకూ తేడా ఏమిటని అడుగుతారు. దేవుడు ఎవరో చెప్పేది స్తుతి, ఏం చేశాడో చెప్పేది కృతజ్ఞత అని బడిలో నేర్పుతాం. నేర్పడానికి బాగానే ఉంటుంది గానీ, ఎవరో తెలిసేది చేసిన పనుల వల్లే కాబట్టి ఆ గీత ఎక్కువసేపు నిలబడదు. తెలుగు బైబిలు రెండింటినీ కలిపి ‘కృతజ్ఞతాస్తుతులు’ అని రాసింది, అదే మేలు.

క్రైస్తవ ఆరాధన నడిబొడ్డున ఉన్నదానికి అసలు పేరే కృతజ్ఞత. మనం ప్రభు భోజనం, బల్ల, సంస్కారం అంటాం. రాస్‌హిల్ మీద మరియమాత గుడిలోనో జ్ఞానాపురంలోనో, కథోలికుల దగ్గరైతే దివ్యసత్ప్రసాదం అంటారు. తొలి క్రైస్తవులు గ్రీకులో యూకరిస్తియా అన్నారు, అంటే కృతజ్ఞత చెల్లించడం. దాని గుండెలో ఉన్న ఖారిస్ అన్న మాటకు కృప అని అర్థం. క్రీ.శ. సుమారు 155లో రోమునగరంలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రాసిన వర్ణనలో, సంఘపెద్ద రొట్టె మీదా గిన్నె మీదా శక్తికొద్దీ కృతజ్ఞతాప్రార్థన చేస్తాడు, జనం ఆమేన్ అంటారు, ఆ రొట్టెను రాలేనివారి ఇళ్లకు పంపుతారు, వసూలైన కానుక విధవలకూ అనాథలకూ చెరలో ఉన్నవారికీ పోతుంది. అదే కూర్పు మళ్లీ: నోటితో ఒప్పుకోలు, తిండి, ఇంకొకరి ఇల్లు. తొలి సంఘాలకు లేఖలు రాసిన అపొస్తలుడు పౌలు గుర్తుచేసిన వివరం మరొకటి ఉంది. యేసు రొట్టె ఎత్తి కృతజ్ఞతాస్తుతులు చెల్లించింది ‘తాను అప్పగింపబడిన రాత్రి’. అంతా సవ్యంగా ఉన్న రాత్రి కాదు.

ఇంత మంచి విషయం చెడిపోయే దారులు కూడా ఉన్నాయి, లెక్కల బల్ల దగ్గర కూర్చున్నవాడికి అవి బాగా కనిపిస్తాయి.

బేరం వాటిలో పాతది. కవరులో పెద్ద నోటు పెట్టి ‘వీసా వచ్చేలా’ అని రాస్తారు. అది విన్నపం, అడగడం తప్పు కాదు, కానీ కృతజ్ఞత కవరులో పెట్టిన బయానా అది. ఇంకా ఎక్కువ ఇస్తే ఇంకా ఎక్కువ వస్తుందని వేదిక మీద నుంచి చెప్పేవాళ్లు ఈ బయానాను పెంచుతున్నారు, అది నన్ను నిజంగా బాధిస్తుంది. 50వ కీర్తనలో దేవుడే ‘నేను ఆకలిగొనినను నీతో చెప్పను’ అంటాడు, లోకమంతా తనదే అంటాడు. ఆ కోపం ముగిసేది ‘స్తుతి యాగము అర్పించువాడు నన్ను మహిమ పరచుచున్నాడు’ అన్న మాటతో. ఆయనకు లేనిది మనం నింపడం లేదు.

పోలిక ఇంకా సూక్ష్మమైన చెడు. లూకా 18లో ధర్మనిష్ఠకు పేరుపడ్డ పరిసయ్యుడి ప్రార్థన వ్యాకరణం ప్రకారం అచ్చమైన కృతజ్ఞతాప్రార్థన: నేను ఇతర మనుష్యులవలె లేనందుకు నీకు కృతజ్ఞతాస్తుతులు. 2020 మే 7 తెల్లవారుజామున మా విశాఖలోనే వెంకటాపురంలో రసాయన కర్మాగారం నుంచి స్టైరిన్ అనే విషపు ఆవిరి లీకై 12 మంది చనిపోయాక, ఒక ప్రార్థనలో ‘మమ్మల్ని మాత్రం ఆ గాలి తాకనివ్వలేదు, స్తోత్రం’ అన్నమాట విన్నాను. అన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు, భయంలోంచి వచ్చిన మాట అది. కానీ ఆ ‘మాత్రం’ అన్న చిన్న పదం పక్కింటివాడి శవాన్ని మన ఆశీర్వాదానికి కొలబద్ద చేస్తుంది. బతికాం అని చెప్పవచ్చు. అదే ఊపిరిలో పోయినవాళ్ల పేర్లు కూడా చెప్పాలి.

దేవునికి కృతజ్ఞత చెబుతూ మనుషులను మింగేయడం మరొకటి. ఐదు వారాలు డ్యూటీ చేసిన నర్సు పేరు తెలియకుండానే ఆసుపత్రి నుంచి వచ్చి సాక్ష్యం చెబుతాం. పౌలు అలా చేయలేదు. రోమా 16వ అధ్యాయంలో ప్రిస్కిల్ల, అకుల తన ప్రాణం కోసం తమ మెడలు ఒడ్డారని, తానే కాక సంఘాలన్నీ వారికి కృతజ్ఞులని పేర్లతో రాశాడు. మా అయ్యగారు ఇప్పుడు సాక్ష్యం చెప్పేవారిని ‘దేవుడు ఎవరి చేతులు వాడాడో కూడా చెప్పండి’ అని అడుగుతున్నారు. కాకినాడ బోటు మాట ఆ అలవాటు వల్లే వచ్చి ఉండవచ్చు.

దీన్ని జాగ్రత్తగా చెప్పాలి: కొందరికి కృతజ్ఞత అన్న మాటే తాతల నాటి గాయం. తెలుగు సంఘాల్లో చాలామంది పెద్దలు ఆసామి వాకిట్లో చేతులు కట్టుకుని ‘తమ దయ బాబూ’ అనవలసి వచ్చినవాళ్లు. కూలి ఇచ్చినా దయే, సగం ఎగ్గొట్టినా దయే. అలాంటి ఇంటి పిల్లవాడికి ‘ఉన్నదానికి కృతజ్ఞతతో ఉండు, నోరెత్తకు’ అని చెబితే అది సువార్త కాదు. ద్వితీయోపదేశకాండము 26లో తొలిపంట గంప దించిన రైతు నోట దేవుడు చెప్పించిన మాటలు చూడండి. మేం బానిసలం, మమ్మల్ని హింసించారు, మొరపెట్టాం, ఆయన మా బాధ చూశాడు, బయటికి తెచ్చాడు. అణచినవాడి పేరు కూడా ఆ కృతజ్ఞతలో ఉంది. ఆ పంటతో పరదేశి కూడా సంతోషించాలని వెంటనే ఆజ్ఞ ఉంది. జీతం ఎవరి దయా కాదని తెలిసినవాడే, దయ అంటే ఏమిటో తెలిసి దేవుడి ముందు వంగగలడు.

అన్నిటికన్నా గట్టి ముడి చివర ఉంది. ‘ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి’ అని థెస్సలొనీకయులకు పౌలు రాశాడు. విషయమునందు అంటే ఆ పరిస్థితిలో ఉండి. అలాగైతే కొంత ఊపిరి ఆడుతుంది. కానీ ఎఫెసీ 5:20లో ‘సమస్తమునుగూర్చి’ అని ఉంది. అయితే తుఫానును గూర్చి కూడానా?

2014 అక్టోబరు 12 ఆదివారం. హుద్‌హుద్ తుఫాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో ఈ ఊరి మీదికి వచ్చింది. మా గుడి పెంకులు లేచిపోయాయి. వర్షం తగ్గాక చూస్తే కైలాసగిరి కాలిన కొండలా ఉంది, ఒక్క పచ్చని ఆకు లేదు. రోజుల తరబడి కరెంటు లేదు, పాల ప్యాకెట్టు కోసం గంటల వరుస. మరుసటి ఆదివారం తడి బెంచీల మీద కూర్చున్నప్పుడు అయ్యగారు హబక్కూకు 3వ అధ్యాయం తెరిచారు. అంజూరపుచెట్లు పూయకుండినను, పొలంలో పంట లేకపోయినను, నేను యెహోవాయందు ఆనందించెదను. ఆయన తుఫానుకు స్తోత్రం చెప్పమనలేదు. ‘‘ముందు పోయినవి చెప్పండి, తర్వాత మిగిలినవి చెప్పండి’’ అన్నారు. జనం చెప్పారు. ఇంటి రేకులు, జీడిమామిడి తోట, కుట్టుమిషను. ఆ తర్వాత: పాప, పక్కవాళ్ల బావి, ఇతర జిల్లాల నుంచి వచ్చి స్తంభాలెక్కిన లైన్‌మన్లు.

ఎఫెసీ మాటను నేను ఇలా అర్థం చేసుకుంటున్నాను. ఆ వాక్యం ఒంటరిగా లేదు, ఒకరినొకరు కీర్తనలతో హెచ్చరించుకోమన్న మాట పక్కనే ఉంది. కీర్తనల్లోనేమో పెద్ద భాగం విలాపం. 13వ కీర్తన ఎంతకాలమని నాలుగుసార్లు అడిగి గానీ మేలు సంగతి ఎత్తదు. 22వ కీర్తన ‘నా దేవా, నా దేవా, నీవు నన్నేల విడనాడితివి’ దగ్గర మొదలై మహాసమాజంలో స్తుతి దాకా నడుస్తుంది. పౌలుకు ఆ పుస్తకం తెలుసు. చెడును మంచి అనమని ఆయన అడిగి ఉంటాడని నేను నమ్మను. ఏ సంగతినీ దేవుడికి చెప్పకుండా దాచవద్దని, ఆయన చెయ్యి చేరని చోటు ఏదీ లేదని అడిగాడు. విలాపం కూడా ఒప్పుకోలే.

నన్ను ప్రశ్నించిన ఆ అబ్బాయి ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు. ఆదివారాలు లెక్కల బల్ల దగ్గర నా పక్కన కూర్చుని పుస్తకం రాస్తాడు. కిందటి వర్షాకాలంలో ఒక కవరు విప్పి చాలాసేపు మాట్లాడలేదు. పది రూపాయలు. విషయం దగ్గర వంకర అక్షరాలతో ‘మా ఆయన ఇంకా దొరకలేదు. స్తోత్రం’ అని ఉంది.

‘‘అంకుల్, దీన్ని ఏ పద్దు కింద రాయాలి?’’ అన్నాడు.

‘‘కవరు మీద ఎలా ఉందో అలాగే రాయి.’’

అతను విషయం గడిలో ఆ రెండు ముక్కలూ ఎక్కించి, పక్కన పది అని వేసి, మధ్యాహ్నం ఆమె ఇంటికి ఎవరు వెళుతున్నారని అడిగాడు.